అల్ఫారెట్టాలో మొదట పాలు పొంగించినవాడు

భీమశంకరం గారిని మీరు చూసి ఉండకపోవచ్చు గానీ అలాంటి గొంతు ఒకటి తప్పకుండా విని ఉంటారు. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో అట్లాంటా పక్కనున్న మా అల్ఫారెట్టాలో ఏ తెలుగువాళ్ల ఫంక్షన్‌లోనైనా మైకు చేతికి దొరికితే చాలు, "నేనొచ్చినప్పుడు ఇక్కడ ఏముందండీ, అంతా అడవి!" అని మొదలుపెట్టేది ఆయనే. అడవేమీ కాదు. అప్పటికే ఓ పెద్ద షాపింగ్ మాలు, రెండు మూడు గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి. ఇడ్లీ దొరకని చోటల్లా ఆయన లెక్కలో అడవే.

సొంతూరు చీరాల. ఉద్యోగం ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేసులకు కాపలా. పదిహేనేళ్లుగా ఎవరి డేటానూ పోగొట్టకుండా చూసుకున్నాడు, అందులో వంక పెట్టడానికి లేదు. అయితే దానికి ఎవరూ శాలువా కప్పరు కదా! అందుకని ఆయన చరిత్రకెక్కే మార్గం వేరే వెతుక్కున్నాడు. మా ఊళ్లో మొట్టమొదట పాలు పొంగించిన తెలుగువాడు తనేనని ప్రకటించుకున్నాడు.

అది 1998 సంగతి. భార్య ఉమామహేశ్వరి రెండేళ్ల పిల్లను చంకనేసుకుని దిగిన వారంలో అద్దె అపార్టుమెంటులో పాలు పొంగించారు. కరెంటు పొయ్యి మీద పాలు పొంగి కాయిల్ మీద పడి పొగ లేచింది. దానికి పంతులుగారి కొబ్బరిపీచు హోమం తోడైంది. అలారం గోలపెట్టింది, ఫైరింజన్ వచ్చేసింది. ఇంకొకడైతే సిగ్గుతో ఆ మాట ఎత్తేవాడు కాదు. ఈయన మాత్రం, "గవర్నమెంటు వాళ్లే వచ్చి కళ్లారా చూసి వెళ్లారండీ" అని సాక్ష్యం చేసుకున్నాడు.

ఈ కథ ఏటా వినడం నా ఖర్మ. మా తెలుగు సంఘం ఏటా వేసే సావనీరు సంచికకు సంపాదకుణ్ణి నేనే.

2011లో వాళ్లమ్మాయి శ్రీవిద్య హైస్కూల్లో యూరోపియన్ హిస్టరీ తీసుకుంది. "కాల్క్యులస్ ఉండగా ఇదేం పోయేకాలం?" అని భీమశంకరం వారం రోజులు ఇంట్లో మూతి ముడుచుకుని తిరిగాడు. తర్వాత పిల్లకు సాయం చేస్తానని తనే ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. రినైజాన్స్ అంతా గబగబా తిప్పేసి ఒక్క బొమ్మ దగ్గర ఆగాడు. అందులో మరియమ్మ తల్లి ఒళ్లో బాలయేసు, పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఫ్లారెన్సు వ్యాపారి ఒకడు. బొమ్మ గీయించింది వాడే కాబట్టి వాడి మొహం కూడా అందులో ఉంది. శ్రీవిద్య పకపకా నవ్విందట. అంతకుముందు నెల్లోనే మా శ్రీనివాస కల్యాణం ఫ్లెక్సీలో స్వామివారి పాదాల పక్కన భీమశంకరం పాస్‌పోర్టు ఫొటో వేయించుకున్నాడు. ఆయనకు నవ్వెందుకో అర్థం కాలేదు. పోప్‌ను ఎదిరించిన లూథర్ దగ్గర ఆవలించాడు. కొలంబస్ ఓడలు రాగానే లేచి నిటారుగా కూర్చున్నాడు.

ఇక చూడండి ఆయన ధోరణి! "కొలంబస్‌కి రాజూ రాణీ స్పాన్సర్ చేశారండీ, మనకి కన్సల్టెన్సీ వాడు చేశాడు. వాళ్లకి నడిసముద్రంలో గాలి ఆగిపోతే వెయిటింగ్, మనకి ప్రాజెక్టు దొరక్కపోతే బెంచ్. వాళ్లు దిగ్గానే జెండా పాతారు, నేను పాలు పొంగించాను. డిఫరెన్స్ ఏముంది చెప్పండి?"

"వాళ్లు దారి తప్పి వచ్చారు, మీరు టికెట్ కొనుక్కుని వచ్చారు" అన్నాను. వినిపించుకోలేదు.

సరిగ్గా అప్పుడే మా సంఘానికి కొత్తగా అధ్యక్షుడైన రాకేష్‌కి ఓ బుద్ధి పుట్టింది. 2012 ఉగాది రోజున "అల్ఫారెట్టా తొలి తెలుగు కుటుంబానికి" సన్మానం చేయాలట. తొలి కుటుంబమని ఎలా తేల్చడం? వీసా స్టాంపులూ ఇంటి కాగితాలూ మనవాళ్లకు ఆనతాయా! పాలు పొంగితేనే ఇల్లు, పాలు పొంగితేనే కాపురం. కాబట్టి ముందు పాలు పొంగించినవాళ్లే తొలివాళ్లని కమిటీ తీర్మానించింది. వెంటనే రఘువీర్ అనే ఆయన లేచి, తాము 1997లోనే పొంగించామన్నాడు. ఆరా తీస్తే అవి మైక్రోవేవ్‌లో పొంగిన పాలు. వెనకటికి ట్రెంట్ పట్టణంలో బిషప్పులు మతధర్మం తేల్చడానికి సభ తీర్చినంత గంభీరంగా మా కమిటీ రెండు శనివారాలు కూర్చుని, మైక్రోవేవ్ పాలు శాస్త్రసమ్మతం కావని తేల్చింది. రఘువీర్ అలిగి పక్క ఊళ్లో వేరే సంఘం పెట్టుకున్నాడు.

శాలువా భీమశంకరానికే ఖాయమైంది. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి మాట్లాడాడు. "నా కోసం కాదండీ. పదహారేళ్లొచ్చాయి పిల్లకి. నేను నోరు తెరిస్తే కళ్లు తిప్పుకుంటుంది. ఫ్రెండ్స్ ముందు నా ఇంగ్లీషుకి సిగ్గుపడుతుంది. ఒక్కసారి, వెయ్యిమంది ముందు తన నాన్న ఎవరో తన నోటితోనే చెప్పాలి. స్టేజీ మీద ఇంట్రో తనే చదువుతుంది, తెలుగులో." నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మీద నాకు జాలి వేసింది. పిల్ల కళ్లలో ఒక్కసారి పెద్దవాడు కావాలని ఏ తండ్రికి ఉండదు?

కథ అక్కడితో ఆగితే బాగుండేది. బడిలో ఆ పిల్లకు రిఫర్మేషన్ మీద, అంటే లూథర్ మొదలుపెట్టిన మత సంస్కరణ మీద, ప్రాజెక్టు ఇచ్చారు. ఆ కాలంలో పుట్టిన శాఖల్లో ఏదో ఒక చర్చికి వెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడి రాయాలి. శ్రీవిద్య వంతుకు లూథరన్ చర్చి వచ్చింది. ఆదివారం వెళ్లింది. తెల్లజుట్టు జర్మన్ ముసలివాళ్ల మధ్య నుంచి నేత చీర కట్టుకున్న ఓ పెద్దావిడ వచ్చి, "మనమ్మాయివేనా? ఏ ఊరే మీది?" అని పలకరించింది. పేరు ఎస్తేరు రాణి, గుంటూరు మనిషి. మన గుంటూరుకూ లూథర్‌కూ ఏం సంబంధమని పిల్ల తెల్లబోయిందట. నూట డెబ్భై ఏళ్ల కిందటే లూథరన్ మిషన్ వాళ్లు గుంటూరు వచ్చారని, అక్కడి మిషన్ ఆస్పత్రిలోనే తను నర్సు చదువు చదివానని ఆవిడ చెప్పింది. అల్ఫారెట్టాలో ఇల్లు కొన్నది 1982లో.

"మీ నాన్న పేరేందమ్మా?"

చెప్పింది.

"చీరాల శంకరమా! ఒళ్లంతా పొక్కులతో మా ఇంట్లో పడుకున్న శంకరమేనా?"

1997లో భీమశంకరం అట్లాంటాలో దిగిన పది రోజులకే ఆటలమ్మ పోసింది. గెస్ట్‌హౌస్‌లో ఉన్న మనవాళ్లు దుప్పటి తలుపు బయటికి విసిరేసి గడియ పెట్టుకున్నారు. అతను చూపించుకోడానికి వెళ్లిన క్లినిక్‌లో నర్సుగా ఉన్న ఎస్తేరు రాణి, అప్పటికే భర్త పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి, అతన్ని కారులో ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకుంది. మజ్జిగన్నం పెట్టింది. తగ్గాక వేపాకు నీళ్లు పోసుకోకపోతే అమ్మవారికి కోపం వస్తుందని అతను ఒకటే ఏడుపు. జార్జియాలో వేపచెట్టు ఎక్కడిది? డెకటూర్‌లో ఉన్న ఇండియన్ కొట్టుకు వెళ్లి, ఎండిన వేపాకు వెతికి తెచ్చి, లూథరన్ ఇంట్లో వేణ్ణీళ్లు కాచి పోసింది. అంటే అల్ఫారెట్టాలో భీమశంకరం మొదట కాలు పెట్టిందే ఆవిడ గుమ్మంలో!

శ్రీవిద్య ఇదంతా తండ్రిని నిలదీసిన రోజు, సావనీరు ప్రూఫులతో నేనూ అక్కడే ఉన్నాను.

"నాన్నా, ఆంటీ ఫస్ట్ వచ్చింది. నువ్వు ఆమె హౌస్‌లో ఉన్నావ్. ఎందుకు చెప్పలేదు?"

"అది వేరమ్మా. అది చర్చి లెక్క. మన లెక్క వేరు."

"మన అంటే ఎవరు?"

"మన అంటే... మనమే!"

"ఆంటీ తెలుగు నీకంటే బాగుంది." పిల్ల హిస్టరీ పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కొలంబస్ అక్కడ పీపుల్‌ని కౌంట్ చేయలేదు, ఎందుకంటే వాళ్లు క్రిస్టియన్స్ కాదు. నువ్వు ఆంటీని కౌంట్ చేయలేదు, ఎందుకంటే ఆమె క్రిస్టియన్. అసలు ఇదంతా నేటివ్స్, చెరోకీ వాళ్ల ల్యాండ్. మనం ఎవ్వరం ఫస్ట్ కాదు."

భీమశంకరం నా వైపు చూశాడు. నేను ప్రూఫుల వైపు చూశాను. వంటగదిలోంచి ఉమామహేశ్వరి, ఏనాడూ మొగుడి మాటకు ఎదురు చెప్పని మనిషి, తాపీగా అంది. "పాలు పొంగించేరోజు ఆవిణ్ణి పిలుద్దామని నేనంటే, పంతులుగారు ఏమనుకుంటారో అన్నది మీరే కదండీ."

"రెండూ ఒకటేనా? ఏ ఇల్లనగానే ఇల్లవుతుందా? ఆవిడ పాలు పొంగించిందా?" అని ఆయన అరిచాడు. తర్వాత కూతుర్ని బతిమాలుతున్నట్టు, "రాసిచ్చింది చదువమ్మా. ఒక్క పేజీ. అంతే అడుగుతున్నాను" అన్నాడు. శ్రీవిద్య ఆ కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

ఉగాది సభ హైస్కూల్ ఆడిటోరియంలో. పచ్చడి గ్లాసులు, పట్టుచీరలు, మైకు కీచుమనడం, అన్నీ యథావిధిగా జరిగాయి. శ్రీవిద్య పట్టు పావడాలో స్టేజీ ఎక్కి తండ్రి రాసిచ్చిన కాగితం విప్పింది. చదివినంతసేపూ అక్షరం పొల్లుపోకుండా చదివింది. "పంతొమ్మిది వందల తొంభై ఏడులో మా నాన్నగారు ఈ నేల మీద అడుగుపెట్టారు" అని చదివి కాగితం మడిచేసింది.

"ఆ డే మా నాన్నకి చికెన్‌పాక్స్. ఎవరూ ఇంట్లోకి రానీయలేదు. ఒక ఆంటీ రానిచ్చింది. ఆంటీ అప్పటికే ఇక్కడ పదిహేను ఇయర్స్ నుంచి ఉంది. ఆంటీయే ఫస్ట్. ఆంటీ, ప్లీజ్ స్టాండప్."

మూడో వరసలో, శ్రీవిద్య పిలిస్తే వచ్చి కూర్చున్న ఎస్తేరు రాణి గారు ఇబ్బందిగా లేచి నిలబడ్డారు. రాకేష్ చేతిలో శాలువా అలాగే ఉండిపోయింది. నాకు లోపల్లోపల పండగగా ఉంది. భీమశంకరం పని ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన్ని నేను తక్కువ అంచనా వేశాను.

క్షణంలో తేరుకుని కూతురి చేతిలోంచి మైకు అందుకున్నాడు. "మిత్రులారా! కొలంబస్ అమెరికాను కనిపెట్టాడు. నేను ఇవాళ మీ కోసం ఒక మాణిక్యాన్ని కనిపెట్టి తెచ్చాను! ఈవిడ ఎవరో మీకెవరికీ తెలియదు. మన సంఘం పదిహేనేళ్లు మరిచిపోయింది. నేను మరవలేదు. నా కూతురి చేత వెతికించాను!" అని, శాలువా లాక్కుని, స్టేజీ దిగి వెళ్లి ఆవిడకు కప్పి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. హాలు దద్దరిల్లింది. కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. కొలంబస్ కూడా తిరిగెళ్లేటప్పుడు అక్కడి మనుషుల్ని కొందర్ని ఓడెక్కించి, స్పెయిన్ కొలువులో నిలబెట్టి చూపించాడని ఆ పుస్తకంలోనే ఉంది. అందులోంచి మనవాడు నేర్చుకున్నదల్లా ఆ ఒక్క పేజీయే. జ్ఞాపిక మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. దాని మీద "తొలి తెలుగు కుటుంబం" అని ముందే చెక్కించేశారు మరి!

భోజనాలకు ముందే ఎస్తేరు రాణి గారు బయల్దేరారు. నేను పులిహోర డబ్బా పట్టుకుని పార్కింగ్ లాట్ దాకా వెళ్లాను. శ్రీవిద్య అప్పటికే అక్కడ నిలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"సారీ ఆంటీ. ఇట్లా అవుతుందని నాకు తెలీదు."

"నువ్వేం చేశావమ్మా!" ఆవిడ శాలువా తీసి, మడత పెట్టి వెనక సీట్లో ఉంచారు. "జొరంలో ఉన్నప్పుడు మీ నాన్న నన్ను అమ్మా అన్నాడు. తగ్గినాక సిస్టర్ అన్నాడు. ఉజ్జోగం వచ్చినాక మేడమ్ అన్నాడు. ఇయ్యాల మైకులో ఈవిడ అన్నాడు."

ఆ మాటల్లో కోపం లేదు, అదే నాకు భరించలేనిదైంది. లోపలి నుంచి స్పీకర్లలో భీమశంకరం గొంతు బయటికి వినిపిస్తోంది. "ఫ్యామిలీ ఫొటో! శ్రీవిద్యా, ఎక్కడున్నా స్టేజీ మీదకి రావాలి! శ్రీవిద్యా!"

ఆ పిల్ల కారు ముందు తలుపు తీసి ఆవిడ పక్కన కూర్చుంది.

"నాన్నగారు పిలుస్తున్నారమ్మా" అన్నాను.

"విన్నాను, అంకుల్" అంది శ్రీవిద్య, సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ.