నిమ్మవాసన వెనకాల

ఆ పరిశోధనశాలలో నేల తుడిచే ఆవిడను అందరూ ఆరాలక్క అనేవారు. కంటబడ్డ ప్రతిదాని గురించీ ఆరా తీయనిదే ఆవిడకు నిద్రపట్టదు. కిటికీ పక్కన అంకెలు మెరిసే పెట్టె ఒకటి కొత్తగా వచ్చిన రోజున, గాలి మీద పరిశోధన చేసే మేడమ్‌ను పట్టుకుని అడిగేసింది.

"ఇదేం లెక్కపెడుతోంది మేడమ్?"

"గాలిలో కంటికి ఆనని నలుసులుంటాయక్కా. చక్కెర బిళ్లంత చోటులో ఎన్నున్నాయో చెబుతుంది."

అప్పటినుంచి తుడుస్తూనే ఓ కన్ను పెట్టె మీద వేసేది. మామూలుగా అంకె మూడువేలు. పదకొండు గంటలయ్యేసరికి మాత్రం ఇరవైవేలు దాటేది. మేడమ్ రోడ్డు మీది బస్సులను అనుమానించి, వారంపాటు వాటిని లెక్కపెట్టింది. పొంతన కుదరలేదు.

ఒకనాడు నేల తుడిచే నిమ్మవాసన మందు అయిపోతే, ఆరాలక్క ఉత్త నీళ్లతో తుడిచింది. ఆ రోజు పదకొండు దాటినా అంకె మూడువేల దగ్గరే ఉంది. గాలి పాడుచేస్తున్నది తనేనా?

ఇంటికెళ్లి భర్తతో చెప్పింది.

"నీకెందుకొచ్చిన గొడవ? నోరు మూసుకో. ఉన్న ఉద్యోగం ఊడుతుంది."

రెండు రోజులు మూసుకుంది. మూడోరోజు ఇక ఆగలేక చెప్పేసింది. మేడమ్ కుర్చీలోంచి చటాక్కున లేచింది.

"ఆ మందు కొత్త డబ్బా తెప్పిస్తాను. మళ్లీ తుడుద్దాం పదక్కా!"

కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి తుడిచారు. మూసినప్పుడు అంకె కాస్త కదిలింది. తెరిచినప్పుడు ఎగబాకింది.

"బయటి గాలిలో ఓజోన్ అనే వాయువుంటుంది. అది ఈ వాసనతో కలిసి కొత్త నలుసుల్ని పుట్టిస్తోంది. నీ తప్పేం లేదక్కా" అంది మేడమ్. "చెట్ల వాసనలతోనూ ఇదే జరుగుతుంది. అలాంటి నలుసులు కొన్ని పెరిగి పెద్దవైతే, వాటి మీద నీటిఆవిరి చేరి మబ్బు కడుతుంది."

"ఓరి నాయనో! మబ్బు వెనకాల ఇంత కథుందా?"

ఆ వారమే వాసన లేని సబ్బు తెప్పించారు. శుభ్రం చేసినట్టే లేదని మేనేజరు సణిగాడు.

"కావాలంటే ముక్కుతో కాదు, పెట్టెతో చూసుకోండి సార్" అంది ఆరాలక్క.

తర్వాతి నెల మేడమ్ చెట్ల తోపులో కొలతలకు బయల్దేరితే, సెలవు పెట్టి మరీ వెంట వెళ్లింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి పిలిచినా పెట్టె ముందునుంచి కదల్లేదు.

"మీరు తినండి. ఇక్కడ అంకె ఇప్పుడిప్పుడే పెరుగుతోంది."