పాప వేరే, జాబ్ వేరే

మా మామగారు వెంకటరమణప్పగారు పోయిన మంగళవారం ఉదయం కాలధర్మం చెందారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ ఉదయం నేను బొమ్మనహళ్ళిలో, మా గార్మెంట్స్ యూనిట్‌లో, చొక్కా కాలర్లు పరీక్షించే బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అప్పకు ఎట్లో అయింది, ఆస్పత్రికి పోతాండాము, నువ్వు బయల్దేరు" అన్నారు. బస్సు సిల్క్‌బోర్డు కూడలి దాటకముందే రెండో ఫోన్ వచ్చింది. ఈసారి నాకు ఆయన ఏడుపు మాత్రమే వినిపించింది. పక్కన కూర్చున్న ఆమె ఎవరో నా చెయ్యి పట్టుకుని కన్నడంలో ఏదో అడిగింది. ఏమి జవాబు చెప్పానో జ్ఞాపకం లేదు.

పీణ్య ఫ్యాక్టరీలో ఆయనతో కలిసి ఇనుము చెక్కే లేత్ మీద పనిచేసిన మిత్రులు, పెద్దకర్మ రోజు పంచే చిన్న పుస్తకం కోసం ఆయన గురించి నన్ను రాయమన్నారు. అయ్యా, మీరెరిగిన వెంకటరమణప్ప ముప్పై ఏళ్ళు మెషిన్ ముందు నిలబడిన మనిషి. ఆయన పనితనం గురించి చెప్పే అర్హత మీకే ఉంది. నాకు బాగా తెలిసినవి ఆయన జీవితంలోని చివరి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఆయన ఒక బాలశిక్షకుడు. మా ఇంటి హాలే బడి. విద్యార్థిని ఒక్కతే, మా అమ్మాయి హారిక. దానికి ఐదేళ్ళు.

పోయిన ఏడాది యూకేజీలో చేర్చాల్సిన సమయానికి హారికకు మూత్రపిండాల జబ్బు బయటపడింది. ముఖమూ పాదాలూ వాచిపోయాయి. స్టెరాయిడ్ మందులు వాడుతున్నంత కాలం పిల్లల గుంపులోకి పంపవద్దని, చిన్న జలుబు కూడా దానికి ప్రమాదమేనని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఒక ఏడాది పోతే పోనీలే అని అందరూ నన్ను ఓదార్చారు. నేను ఓదార్పు వినే మనిషిని కాను. వచ్చే జూన్‌లో నా బిడ్డ తోటివాళ్ళతో సమానంగా ఒకటో తరగతిలో కూర్చోవాలి, జబ్బుపిల్ల అని ఎవరూ దాన్ని ఒక మూలకు తోయకూడదు. నా ప్రాణమంతా ఆ ఒక్కదాని మీదే ఉండేది.

అందుకే, ఇంట్లోనే చదివించుకునేవాళ్ళ కోసం ఒక కంపెనీ తయారుచేసిన కిండర్‌గార్టెన్ పెట్టెను తెప్పించాను. ముప్పై ఆరు వారాలకు ముప్పై ఆరు ప్యాకెట్లు. అక్షరాల కార్డులు, చెక్కపూసలు, మొండి కత్తెర, రంగులు. ఏ రోజు ఏమి చేయించాలో, చివరికి బిడ్డతో ఏ మాట అనాలో కూడా రాసిపెట్టిన గైడు, అదీ ఇంగ్లీషులో. నేను పనికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. మా ఆయనకు షిఫ్టులు. అత్తమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇక ఇంట్లో మిగిలింది మామగారే. చింతామణి పక్కన పల్లెలో ఏడో తరగతి దాకా కన్నడంలో చదివిన మనిషికి ఈ గైడు ఎలా అప్పగించడమా అని నేను తటపటాయిస్తుంటే ఆయనే చెయ్యి చాపారు.

"డ్రాయింగ్ చూసి పని చేసినోణ్ని తల్లీ. ఇది గూడా డ్రాయింగే కదా. ఇట్ల ఇయ్యి" అన్నారు.

పెట్టె విప్పిన రోజే ఆయన స్వభావం నాకు కొత్తగా తెలిసింది. లోపల ఏమేమి ఉండాలో తెలిపే జాబితా చేతబట్టుకుని, నేల మీద చాప పరిచి, ఒక్కొక్క వస్తువునూ తీసి పక్కన పెడుతూ పెన్నుతో గుర్తు వేశారు. రెండు పాచికలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. "ఒక పాచిక లేదు. వచ్చినాంకనే మొదలు పెడదాము" అన్నారు. పాచిక ఎప్పుడో పన్నెండో వారంలో కావాలని నేను వాదించాను. ఆయన వినలేదు. కంపెనీవాళ్ళు అది పంపేదాకా వారం రోజులు హారిక ఆ చాప చుట్టూ తిరిగింది. నేను మూతి ముడుచుకుని ఉండిపోయాను. ఆ వారంలో ఆయన చాప మీది వస్తువులన్నిటి పేర్లూ దానికి నేర్పేశారు.

రోజూ సాయంత్రం నేను ఇల్లు చేరి టీ తాగుతుండగా మరుసటి రోజు పాఠం చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన దాన్ని కన్నడ అక్షరాలతో నోటుబుక్కులో రాసుకునేవారు. మాటలు తెలుగు, లిపి కన్నడం. మా మామగారి ఇంట్లో రాతకోతలన్నీ అలాగే జరుగుతాయి, హిందూపురం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నేను నవ్వేదాన్ని. ఒకనాడు గైడులో, బిడ్డ ఎటు నడిపిస్తే మీరు అటు నడవండి అని ఉంది. ఆయన రాయడం ఆపి నావైపు చూశారు. "బిడ్డే నడిపిస్తాది అంటే ఈ పుస్తకం ఏంటికప్పా?" అన్నారు. నేను కోడలినని కూడా మరిచిపోయి తోటి మగవాళ్ళతో అన్నట్టే అప్పా అనేశారు. ఇద్దరం నవ్వుకున్నాము.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. గైడులో ప్రతి పని చివరా ఒక సూచన ఉండేది, గుడ్ జాబ్ అని చెప్పండి అని. ఆ రెండు మాటలు నేను చదివి వినిపించాల్సిన అవసరం రాలేదు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అదే. మెషిన్‌షాపు ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను, అక్కడ జాబ్ అంటే ఉద్యోగం కాదు. మెషిన్‌కు బిగించి, చెక్కి, కొలిచి తయారుచేసే ఇనుప ముక్కను జాబ్ అంటారు. కొలతకు సరిపోతే గుడ్. సరిపోకపోతే మళ్ళీ చెయ్యాలి, అంటే రీవర్క్. గైడు తనను ప్రతి పనినీ పరీక్షించి తీర్పు చెప్పమంటోందని మామగారు నిష్కల్మషంగా నమ్మారు.

మొదటి వారం నాకు ఈ సంగతి తెలియదు. ఆదివారం ఇంట్లో ఉండి చూశాను. హారిక గీత వెంట కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి తాత చేతికిచ్చింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గరకు వెళ్ళి, ఆ కాగితాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. "ఈడ గీత దాటిండాది. రీవర్క్" అని ఇంకో కాగితం ఇచ్చారు. రెండోసారీ అదే మాట. మూడోసారికి బిడ్డ కింది పెదవి వణికింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మందులతో ముఖం ఉబ్బిన పసిదానికి ఈ పరీక్షలేమిటి?

"మామా, గుడ్ జాబ్ అంటే శభాష్ అని అర్థం. ఊరికే అనాల. పిల్లోళ్ళకు హుషారు రావాలని అంటారు" అన్నాను.

"ఊరికేనా?" అన్నారు ఆయన. ఆ ముఖంలో అంత అయోమయం నేను ఎన్నడూ చూడలేదు. "జాబ్ చూడకుండానేనా?"

"పాప ఏడుస్తాండాది కదా."

"పాపను నేనేమన్నా అంటినా తల్లీ? పాప బంగారం. పాప వేరే, జాబ్ వేరే."

నేను గొంతు పెంచాను. జబ్బుతో ఉన్న బిడ్డను ఏడిపించడానికి మీకు అప్పగించలేదని కూడా అన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి నాకు ఏడు నెలల వ్యవధి దొరికింది. తీసుకోలేదు. ఈ రోజు ఇక్కడ, ఆయన మిత్రులందరి ముందు తీసుకుంటున్నాను.

ఆయన నోటుబుక్కులో ఏదో రాసుకుని, ఆ మరునాటి నుంచి నేను చెప్పినట్టే అన్నిటికీ గుడ్ జాబ్ అనడం మొదలుపెట్టారు. తరువాతి ఆదివారం నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. హారిక ఆరు పూసలు గుచ్చాల్సిన దారానికి నాలుగే గుచ్చి తెచ్చింది. దాని కళ్ళలో కొంటెతనం నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన దారం చూశారు, నావైపు చూశారు, మళ్ళీ దారం చూశారు. "గుడ్..." అన్నారు. రెండో మాట నోట రాలేదు. ఆ పెద్దమనిషి ముఖం అప్పుడు చూడాలి, అబద్ధపు సాక్ష్యం చెప్పమన్నట్టు ఉంది. హారిక ఆయన చేతిలోంచి దారం తీసుకుంది. "రీవర్క్ తాతా" అంటూ పోయి తానే రెండు పూసలు గుచ్చింది. ఆ తరువాత వాళ్ళ వ్యవహారంలో నేను జోక్యం చేసుకోలేదు.

పద్దెనిమిదో వారంలో దానికి జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ మందులు పెంచారు, మళ్ళీ ముఖం చంద్రబింబమైంది. చూడడానికి బంధువులు వచ్చారు. వాకిట్లోనే నిలబడమని చెప్పినా, వచ్చినవాళ్ళలో ఒకామె లోపలికి తొంగిచూసి, "అయ్యో, ఇట్లాంటి బిడ్డకు చదువు ఏంటికి, ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉండనీయండప్పా" అంది. మామగారు చాప మీద నుంచి లేవకుండానే జవాబిచ్చారు.

"బిడ్డకు ఒళ్ళు బాగలేదమ్మా. చేతులు బాగుండాయి."

అని, హారికకు కత్తెర అందించారు. లోకమంతా నా కూతురిని చూసి జాలిపడింది. తల్లినై ఉండి నేనూ జాలిపడ్డాను, ఏది చేసినా బాగుందన్నాను, ఏది చేయకపోయినా పోనీలే అన్నాను. దాని చేతిపనిని చేతిపనిగా చూసి, తప్పుంటే తప్పని చెప్పి గౌరవించినవారు ఆయన ఒక్కరే. ఈ సత్యం నాకు ఎంత ఆలస్యంగా అర్థమైందో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇప్పుడు హారిక తన పేరు రాస్తుంది, ఇరవై దాకా కూడుతుంది, గీత వెంట కత్తిరిస్తుంది. మా వీధిలోని బడివాళ్ళు పోయిన నెల ఫోన్‌లో వీడియోకాల్ చేసి మాట్లాడి, జూన్‌లో తీసుకురమ్మన్నారు. హారిక వాళ్ళడిగిన బొమ్మ గీసి, చూపించేముందు తానే ఒకసారి పరిశీలించుకుని, "ఇంకా కాలేదు, ఉండండి మిస్" అందట. ఆ టీచరమ్మ ఆశ్చర్యపోయి నాకు చెప్పింది.

ఆయన గుండె సంగతి నాకు చావు తరువాతనే తెలిసింది. అంత్యక్రియలు ముగిశాక ఆయన పాత స్నేహితుడొకరు నన్ను పక్కకు పిలిచి, సంక్రాంతికి ముందే డాక్టరు పరీక్షలు చేయించుకొమ్మన్నాడని చెప్పారు. వెళ్ళమని ఆ స్నేహితుడు పోరుతుంటే మామగారు, "ముప్పై ఆరో వారం అయిపోనీ, పోతాను. నడిమధ్య ఆపితే పాప నేర్చింది పోతాది" అనేవారట. ఆస్పత్రిలో పడుకుంటే ఎన్నాళ్ళవుతుందో, హారికను ఎవరు చూస్తారోనని ఆయన బెంగ. పొద్దున లేవగానే నేను పాప పాదాలు నొక్కి వాపు ఉందా లేదా అని చూసేదాన్ని. అదే చాప మీద, దాని పక్కనే, ఆయన పాదాలు కూడా ఉండేవి. ఈ మధ్య చెప్పులు బిగుతైనాయని ఆయన ఒకటి రెండుసార్లు అన్నారు. రోజుకు కొన్ని వందల కాలర్లలో కుట్టు తప్పు పట్టే నాకు ఆ పాదాలు కనిపించలేదు. ఈ దుఃఖానికి ఓదార్పు లేదు, నేను అడగడమూ లేదు.

ముప్పై ఒకటో వారం రెండో రోజు పాఠం మధ్యలో ఆయన చెయ్యి ఛాతీమీద వేసుకుని పక్కకు ఒరిగారు. ఆ రోజు రెండో షిఫ్టు కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. హారికే పోయి నాన్నను నిద్ర లేపింది.

మామా, మీ నిర్యాణంతో మీ మిత్రులు ఒక మంచి పనివాణ్ని పోగొట్టుకున్నారు, మీ కొడుకు తండ్రిని పోగొట్టుకున్నాడు. నా బిడ్డ పోగొట్టుకున్నది ఏమిటో నిన్న నాకు తెలిసింది. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను కదా అని ముప్పై రెండో వారం ప్యాకెట్ విప్పాను. సీతాకోకచిలుకను కత్తిరించి అంటించాలి. హారిక చాలాసేపు ఒక్కతే కూర్చుని చేసి, వంటింట్లోకి తెచ్చింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గరిటె తిప్పుతూనే, "బాగుండాది తల్లీ" అన్నాను.

"నువ్వు చూడలేదు" అంది.

కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. పొయ్యి ఆపాను. చేతులు తుడుచుకుని, కింద కూర్చుని, ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాను. చూశాను. ఒక రెక్క కొంచెం పెద్దది, ఒకటి కొంచెం చిన్నది. అది తప్పో, అలాగే ఉండాలో నాకు తెలియదు. మీరైతే ఏమి చూసేవారో, ఎంతసేపు చూసేవారో నాకు తెలియదు. పాప నా ముఖంలోకి చూస్తూ నిలబడి ఉంది.