అత్తగారు గీకిన అద్దం

మొన్న మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న చేపల తొట్టెల కొట్లో ఒకతను పాత తొట్టె మూలల్లో అద్దాలు అతకడానికి పూసిన సిలికాన్‌ని బ్లేడుతో గీకుతున్నాడు. నాలుగు గీతలు గీకి, గుడ్డతో తుడిచి, అయిపోయిందన్నట్టు పక్కన పెట్టేశాడు. ‘ఇంకా ఉంది నాయనా’ అనబోయి ఆగిపోయాను. బస్సు వచ్చింది. ఎక్కలేదు.

ఎనభైల్లో మేము కూర్మన్నపాలెంలో అద్దెకుండేవాళ్ళం. ఎలమంచిలి నుంచి నేను కోడలిగా వచ్చి ఏడాది అయి ఉంటుంది. మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాటా పోయింది. రోజంతా గోడవైపు తిరిగి పడుకునేవారు. పోర్టులో పనిచేసే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఓడ దిగి వెళ్ళిపోతున్న ఎవరో ఆఫీసరు వదిలేస్తే ఒక గాజు తొట్టె మోసుకొచ్చి మంచానికి ఎదురుగా బల్ల మీద పెట్టారు. అందులో ఆరు ఎర్ర చేపలు. మామగారు ఇటు తిరిగారు. చేప ఎటు పోతే ఆయన చూపు అటు. అత్తగారికి మాత్రం వాటంటే చిన్నచూపు. “పులుసుకి పనికిరానివి కూడా సేపలేటి!” అనేవారు.

ఒక వానాకాలం పొద్దున తొట్టె మూలనుంచి నీళ్ళు కారి గదంతా మడుగైంది. చేపల్ని బట్టలు నానబెట్టే టబ్బులో వేశాం. మామగారు మళ్ళీ గోడవైపు తిరిగిపోయారు. గంజి పెడితే నోరు తెరవలేదు. మర్నాటికి టబ్బులో ఒక చేప తేలింది.

బావగారు ఏ ఓడవాళ్ళనో బతిమాలి ఒక సిలికాన్ ట్యూబు తెచ్చారు. “పాతది పిసరు మిగిలినా కొత్తది అంటుకోదటమ్మా. ఇంకో ట్యూబు దొరకదు,” అంటూ గీకడం మొదలుపెట్టి, పావుగంటలో వేలు కోసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

“ఇలాగియ్యే ఆ బ్లేడు,” అన్నారు అత్తగారు. వరండాలో చాప పరిచి, తొట్టెని పక్కకి పడుకోబెట్టి కూర్చున్నారు. బ్లేడుని అద్దానికి ఆనించి నెమ్మదిగా తోసి, లేచిన కొసని గోళ్ళతో పట్టి లాగితే మూరెడు పొడుగున రబ్బరు పేలికలా ఊడొచ్చింది. మధ్యాహ్నానికి నాలుగు మూలల్లోదీ ఊడింది. నేను స్పిరిట్‌తో తుడిచి, “అయిపోయిందత్తా,” అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని ఉంగరపు వేలు అద్దం మీద నడిపించారు. ఒకచోట వేలు ఆగింది. “ఇంకా ఉందే పిల్లా.”

“నాకేం కనపడ్డం లేదే!”

“కంటికి అవుపడదు. ఏలికి అవుపడతాది.”

అక్కడ నోటితో ఆవిరి ఊదారు. మసకేసిన అద్దం మీద, సరిగ్గా వేలు ఆగినచోట, వెంట్రుకంత గీత తేలింది. నలభై ఏళ్ళు నాట్లు వేసి కాయలు కాసిన వేలది. మొద్దుబారి ఉంటుందనుకున్నాను నేను, పదో తరగతి చదివినదాన్ని.

ఆ గీత కోసం, దాని తర్వాతి గీత కోసం మర్నాడు సాయంత్రం దాకా గీకుతూనే ఉన్నారు. బావగారు కొత్త సిలికాన్ పెట్టాక రెండు రోజులు ఇల్లంతా ఘాటుగా పుల్లటి వాసన. ఆరిన తర్వాత తొట్టె కింద వార్తాపత్రిక పరిచి, నీళ్ళు నింపి, పొద్దుటినుంచి కాపలా కాశాం. సాయంత్రం అత్తగారు కాగితాన్ని లాగి చెంపకి ఆనించుకున్నారు. పొడిగా ఉంది.

చేపల్ని వదిలి మామగారి భుజం తట్టారు. “నీ సుట్టాలొచ్చేరు, సూడు.” ఆయన తిరిగారు. చాలాసేపు చూసి, ఎడమచెయ్యి ఎత్తి అయిదు వేళ్ళూ చూపించి, ముడిచి, మళ్ళీ ఒక్క వేలు ఎత్తారు. ఆరోది ఏదని! ఆయనకి ఏదీ తెలియదనుకుని ఆయన ముందే ఎన్నెన్ని మాట్లాడుకున్నామో.

“ఒకటి సచ్చిపోనాది,” అన్నారు అత్తగారు, ఆ వేలు పట్టుకుని. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. తర్వాత గంజి తాగారు.

ఆ పైన మూడేళ్ళు బతికారు, ఇటువైపే తిరిగి. అత్తగారికి అప్పుడున్న వయసు నేనెప్పుడో దాటేశాను. ఆవిడకున్నంత నిదానం మాత్రం కాలం నాకింకా ఇవ్వలేదు.