మీసాల జవాను కండ్లు తుడిచిన తల్లి

చాప పెద్దదే, దగ్గరికి జరిగి కూర్చోండి బిడ్డలారా. పొద్దున మనుమరాలు పొయ్యి మీద చింతగింజలు ఉడకబెడితే ఆ వాసన అరుగు దాకా వచ్చింది. వాసన వెంటే మా అత్త రాజవ్వ వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది. మీరు ఆమెను చూడలేదు, అందుకే చెబుతున్నాను.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో నేను నిర్మల్‌కు కోడలిగా వచ్చాను. మా అత్తది కొయ్యబొమ్మల పని. చింతగింజల బంక కర్రకు పూయడం నా వంతు. కండ్లూ నోరూ దిద్దే సన్న కుంచెను మాత్రం ఆమె ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బొమ్మకు ఏ ముఖం రాస్తామో, ముందు మన ముఖం అట్లా పెట్టుకోవాలి. గోడకు అతికించిన అద్దం పెంకు ముందు మా అత్త ఒకసారి బుగ్గలు ఉబ్బించి, అంతలోనే పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటే, కొత్తగా వచ్చిన పాలాయన గడప దగ్గరే చెంబు వదిలేసి పోయాడు.

నాకు ఆ కుంచె కావాలి. అడిగి అడిగి ఆమె ప్రాణం తీశాను.

"సరే, గీ జవాను బొమ్మకు కోపం రాయి. ఇచ్చోడ అంగడికి కొంచవోదాం. మన మాట రానోళ్లు చూసి పోల్చుకుంటే కుంచె నీదే" అంది.

"మాట రానోళ్లకు ఏం తెలుస్తదత్తా?"

"నోరు ఊరికో తీరు మాట్లాడ్తది. ముఖం గట్ల కాదే పిల్లా."

పొద్దంతా అద్దం ముందు కూర్చుని మెలితిప్పిన మీసాలు, ముడేసిన కనుబొమలు రాశాను. అంగట్లో ఒక గోండు తల్లి బొమ్మను చేతిలోకి తీసుకుంది. ఆమెకు తెలుగు ముక్క రాదు. కాసేపు చూసి, "చొచ్చొచ్చో" అంటూ కొంగుతో జవాను కండ్లు తుడిచింది!

"మీసాలకు ఏడుపొచ్చిందిరో!" అని పక్కన ఉల్లిగడ్డలమ్మే ముసలాయన పకపకా నవ్వాడు. కుంచె పోయిందని నా కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

అత్త నవ్వలేదు. "రాసేటప్పుడు నీ పానం ఏడుండె?" అని మెల్లగా అడిగింది.

"అవ్వ యాదికొచ్చింది." పెండ్లయిన నాటి నుంచి నేను పుట్టింటికి పోలేదు, కన్నతల్లి ముఖం చూడలేదు.

"ఆర్నెల్ల సంది నీ పక్కనే కూసుంటున్న, నాకు కానరాలే. గా తల్లికి ఒక్క చూపుల కానొచ్చింది" అని బొమ్మను ఆమె చేతిలోనే ఉంచేసింది. ఇంటికి రాగానే కుంచె నా చేతిలో పెట్టింది. "నీ బొమ్మ అబద్ధమాడలే. ఇది నీదే. పో, అవ్వను చూసి, నవ్వొచ్చినంక రా." మరునాడే జగిత్యాల బస్సు ఎక్కించింది.

తిరిగొచ్చి నవ్వే జవానును రాశాను. మళ్లీ అంగడినాడు అత్తతో పోతే ఆ తల్లే ఎదురైంది. బొమ్మను చూసింది, నన్ను చూసింది, నా గదువ పట్టుకుని ముఖం పైకెత్తి గలగలా నవ్వింది. ముగ్గురం నవ్వాం. ఎందుకని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటికీ నా కోడండ్లు "ఏం లేదత్తా" అంటే ఆ మాట వినను, ముందు ముఖం చూస్తాను. మీ ఇండ్లు నవ్వే ముఖాలతో నిండుగుండాలి బిడ్డలారా. ఎవరన్నా కండ్లనీళ్లు దాచుకున్న పూట, అడగకుండనే తుడిచే కొంగు పక్కనే ఉండాలి.