లాటిన్ పాట సగంలో ఆగిన గొంతు

ఆ శనివారం సాయంత్రం సుక్మాలోని మా చర్చిలో పాట సాధన చేస్తుంటే, పై స్వరం దగ్గర నా గొంతు తెగిపోయింది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు.

నేను పుట్టింది తెలుగు సరిహద్దు పక్కనున్న మరైగూడలో. సుక్మాలో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. మా క్వయర్‌ని నడిపే జోసెఫ్ సార్ జగదల్‌పూర్‌లో మ్యూజిక్ నేర్పి రిటైరైన మనిషి. ఆ ఏడాది ఆయన లాటిన్‌లో ఉన్న పాత మంగళవార్త జపానికి, 'ఆవే మరియా'కి, కొత్త బాణీ కట్టారు. మాలో ఎవరికీ లాటిన్ రాదు. మిగతావాళ్లు హిందీ అక్షరాల్లో రాసుకుంటే నేను తెలుగులో రాసుకున్నాను. మొదటి వరుస నేనొక్కదాన్నే పాడాలి.

"పడిశం పట్టిందేమో" అన్నారు సార్. నేనూ అదే అనుకున్నా. శొంఠి, తేనె, మిరియాల కషాయం తాగుతూ రెండు నెలలు గడిపాను. అసలు సంగతి వేరే. మా నాన్న గొంతు క్యాన్సర్‌తో పోయాడు. అద్దంలో గొంతు చూసుకోవాలన్నా వణుకే.

చివరికి క్లాసులో హాజరు పిలవడానికి కూడా గొంతు లేచేది కాదు. జగదల్‌పూర్‌లో చూపిస్తే విశాఖకి పంపారు. అక్కడ ENT డాక్టరమ్మ ముక్కులోంచి కెమెరా పెట్టి laryngoscopy చేసింది. "vocal cord మీద polyp, చిన్న కండలాంటిది, ఉందమ్మా. తీసి biopsy కి పంపుతాం" అంది.

"క్యాన్సరా మేడమ్?"

"చూడ్డానికి అట్లా లేదు. కానీ కంటితో చూసి మాట ఇవ్వను, రిపోర్ట్ రానీ."

ఆపరేషనైన సాయంత్రమే స్పృహ బాగా వచ్చింది. వారం రోజులు ఒక్క మాట కూడా వద్దన్నారు, గుసగుస అసలే కూడదన్నారు. మా అత్తమ్మకి చదువు రాదు కాబట్టి ఇంట్లో పలక పనికిరాలేదు. ఒక చప్పట కొడితే అవును, రెండు కొడితే కాదు. అలా నడిపాం.

ఐదో రోజు అత్తమ్మ పెరట్లో బోరింగ్ దగ్గర జారి పడింది. "అత్తమ్మా!" అని నేను పెద్దగా అరిచాను. ఆమెకి మోకాలు గీరుకుపోయిందంతే. నా నోట్లో మాత్రం రక్తపు రుచి. మళ్లీ బస్సు, రైలు, విశాఖ. డాక్టరమ్మ కెమెరాలో చూసి, "అరవకుండా ఎట్లా ఉంటావులే. కానీ కోసిన చోట రక్తం చేరింది. ఇంకో రెండు వారాలు మౌనం" అంది. ఆ రోజే రిపోర్టూ చేతికిచ్చింది: benign, అంటే క్యాన్సర్ కాదు. బయట బెంచీ మీద కూర్చుని, చప్పుడు లేకుండా, కడుపారా ఏడ్చాను.

తర్వాత speech therapy. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, "ఊ" అంటూ బుడగలు ఊదాలి. రోజూ పొద్దున ఐదు నిమిషాలు.

"ఏంది బిడ్డా, నీళ్లతో మాట్లాడుతున్నవ్?" అని అత్తమ్మ పడీపడీ నవ్వేది. నాకూ నవ్వొచ్చి బుడగలు పగిలిపోయేవి.

నాలుగు నెలలకి మాట బాగైంది. పై స్వరం మాత్రం రాలేదు. జోసెఫ్ సార్ ఇంటికెళ్లి, "మొదటి వరుస వేరే ఎవరికైనా ఇవ్వండి సార్" అన్నాను.

ఆయన పాట కాగితం తీసి పెన్సిలు చెక్కుకున్నారు. "మాటలు పాతవి, వాటిని ముట్టుకోను. బాణీ నాది. కట్టినోణ్ణి ఇంకా బతికే ఉన్నాను కదమ్మా? పాడు, నీ గొంతు ఎక్కడిదాకా వస్తుందో చూద్దాం."

పాడాను. ఆయన వింటూ ఆ వరుసని రెండు మెట్లు దించారు. చివర్న ఎక్కాల్సిన చోట నిలకడగా ఆగేలా మార్చారు. "ఇదే బాగుంది. ముందే ఇట్లా రాయాల్సింది" అన్నారు.

క్రిస్మస్ ఆరాధనలో పాడాను. గొంతు కాస్త గరుకుగా ఉంది, కానీ చివరిదాకా నిలిచింది. వెనక వరుసలో కూర్చున్న అత్తమ్మ, "మనం చెప్పుకునే జపమేనట" అని పక్కావిడతో అనడం నాకు వినబడింది.

ఇప్పుడు క్లాసులో చిన్న మైకు వాడుతున్నాను. నీళ్ల సీసా బల్ల మీదే ఉంటుంది. వారానికి రెండు రోజులు పాట సాధన.

చదివేవాళ్లకి ఒక్క మాట. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే కషాయం పక్కన పెట్టి ENT దగ్గరికి వెళ్లండి. ఆ కెమెరా పోయి రావడానికి కొన్ని నిమిషాలే పడుతుంది. ఆ కొన్ని నిమిషాలకి భయపడి నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.