నహా నుంచి మొదలుపెట్టే చాంద్ పాషా మాస్టరు

చాంద్ పాషా మాస్టరు ఏ విషయాన్నైనా జపాన్‌కు చెందిన ఒకినావా ద్వీపంలోని నహా రేవు నుంచే మొదలుపెడతారు. గని వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేస్తూ ఆయన గోదావరిఖనిలో నేర్పే కరాటే గోజు శాఖకు చెందినది. గురుపరంపర చెప్పకుండా గుద్దు నేర్పడం ఆయన దృష్టిలో అపచారం. నహాకు చెందిన హిగావొన్నా అనే ఆయన ఓడెక్కి చైనాలోని ఫుచౌకు వెళ్లి, రూరూకో అనే గురువు వద్ద నేర్చుకుని తిరిగి రావాలి. ఆయన శిష్యుడు మియాగి ఆ విద్యకు ‘గట్టిదనం, మెత్తదనం’ అనే అర్థంలో గోజు అని పేరు పెట్టాలి. ఆ తర్వాతే మేము పిడికిలి బిగించాలి. రూరూకో ఎవరన్నది చరిత్రకారులు నేటికీ తేల్చలేదని కూడా మాస్టరు నిజాయితీగా చెబుతారు. అందుకు మరికొంత సేపు పడుతుంది.

ఒకసారి ఆయన మణికట్టు బెణికితే శిష్యుడిగా దవాఖానకు తోడు వెళ్లాను.

“ఎట్ల బెణికింది సార్?” అని నర్సు రాజకుమారి అడిగింది.

“చెప్త బిడ్డా. నహా అని ఒక ఊరుండె...”

“చెయ్యి వాచింది గా ఊర్లనా, ఖనిలనా?”

“ఖనిలనే. కానీ దెబ్బ ఆడికెళ్లి వచ్చింది.”

కట్టు కట్టడం పూర్తయింది. హిగావొన్నా ఇంకా ఓడ ఎక్కలేదు.

టీ కొట్టు ఆగయ్య అయితే గ్లాసు అందిస్తూనే హెచ్చరించేవాడు: “పాషా భాయ్, ముందుగాల తాగు. నువ్వు చైనా పోయొచ్చేసరికి చల్లారుతది.”

గత ఫిబ్రవరిలో బ్రౌన్ బెల్టు పరీక్ష జరిగింది. మంచిర్యాల నుంచి వచ్చిన పరీక్షకుడు మొయినుద్దీన్ గారి నియమం కఠినం. గురువులకు వంగి వందనం చేసే వేళకు వరుసలో లేనివారికి ఆ ఏడు పరీక్ష లేదు. వరుసలో హర్షిణి కనిపించలేదు. మాలో అందరికంటే శ్రద్ధగా సాధన చేసిన ఆ అమ్మాయి కమాన్‌పూర్ నుంచి రావాలి.

తోటి విద్యార్థిని జూహీ మాస్టరు దగ్గరకు వచ్చి గుసగుసలాడింది: “సార్, ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ ఉందట, రోడ్డు ఆపిన్రట. హర్షిణి ఫోన్ల ఏడుస్తున్నది.”

మాస్టరు ముఖంలో ఏ మార్పూ లేదు. “వందనానికి ముందు పరంపర” అని ప్రకటించి, నహా నుంచి మొదలుపెట్టారు.

ఆనాడు కథలో హిగావొన్నా ఎక్కిన ఓడకు తెరచాపలు వచ్చాయి. తెరచాపలకు తాళ్లు వచ్చాయి. ఎదురుగాలి వీచింది. ఓడలో వంటవాడికి జ్వరం పట్టుకుంది. ఏ గ్రంథంలోనూ లేని ఆ వంటవాడి గురించి విని నేను తలెత్తాను. మాస్టరు చూపు గేటు మీద ఉంది.

పరంపర నిడివి రోజుకో తీరుగా ఉండడం నేను ఎంతోకాలంగా గమనిస్తూనే ఉన్నాను. దాన్ని ఆయన ఉత్సాహానికి ఆపాదించాను. నిజానికి బ్లాస్టింగ్‌కు రోడ్డు ఆపిన సాయంత్రాల్లోనే అది అంతగా సాగేది. అలాంటి ఏ సాయంత్రమూ హర్షిణికి వందనం తప్పలేదు.

“పాషా సాబ్, జర జల్ది కానియ్యండి,” అన్నారు మొయినుద్దీన్.

“గాలి మన చేతుల లేదు గద సార్.”

గేటు చప్పుడైంది. హర్షిణి దుమ్ము కొట్టుకుపోయిన దుస్తులతో పరుగున వచ్చి వరుస చివర నిలబడింది.

“ఓడ చేరింది, నేర్చుకున్నడు, వచ్చిండు, మియాగికి చెప్పిండు, మియాగి పేరు పెట్టిండు. వంగుండ్రి!”

అందరం వంగాం. మొయినుద్దీన్ కూడా వంగి లేచారు.

“మియాగి గారిది గింతేనా?”

“అంత పెద్ద మనిషి గురించి తక్కువ మాట్లాడుడే మర్యాద సార్,” అన్నారు మాస్టరు గంభీరంగా.

మొయినుద్దీన్ రొప్పుతున్న హర్షిణిని చూశారు, మాస్టరును చూశారు, మీసం కింద నవ్వును సర్దుకున్నారు.

“ఆ చివరి పిల్లను ఆఖరుకు పిలుస్త. ముందుగాల నీళ్లు తాగనియ్యండి.”