లొద్దగూడలో గౌరీశ్వరి కంప్యూటరు

సవర గౌరీశ్వరిని నేను మొదటిసారి చూసింది 2008లో, మందస కొండల కింద లొద్దగూడలో. ఆ గూడెం మొత్తానికి పదో తరగతి పాసైన మనిషి ఆమె ఒక్కతే. ఫోను తీగ మీద నెట్ వచ్చింది, ఓ గదిలో కంప్యూటరు పెట్టారు, నడిపేవాళ్ళు కావాలి. పలాస నుంచి వెళ్ళి నేర్పడం నా ఉద్యోగం. నాకు ఓపిక తక్కువ, నోరెక్కువ. మౌసు తప్పుచోట నొక్కితే కసిరేవాణ్ణి. "ఎవరేం చెబితే అదే కొట్టు, సొంత కవిత్వం వద్దు" అని రోజూ చెప్పేవాణ్ణి. పదిహేను రోజుల్లో ఆ పిల్ల నాకే వంకలు పెట్టడం మొదలెట్టింది.

సాయంత్రాలు ఆడవాళ్ళను కూచోబెట్టి, తెర మీద అక్షరాలు పెద్దవి చేసి దిద్దించేది. అందరికన్నా ముందొచ్చేది ఆమె మేనత్త సూరమ్మ.

ఆ ఏడే పోడు భూముల పట్టాలకు అర్జీలు పెట్టమన్నారు. సూరమ్మకు కొండవాలులో రెండెకరాల జీడితోట ఉంది. భర్త సింహాద్రి వేసిన మొక్కలవి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. మనవడు పుడితే ఆయన పేరే పెట్టారు. ఆ గూడెంలో అలా పేరు పెడితే పోయిన మనిషి తిరిగి వచ్చేసినట్టే. ఇక ఆయన చచ్చిపోయాడని ఎవరూ అనరు, అంటే పిల్లాడికి కీడు. సాగుదారు ఎవరని అర్జీలో ఉంటే సూరమ్మ సింహాద్రి అంది. వయసు మూడేళ్ళంది. గౌరీశ్వరికి అందులో తప్పేమీ కనబడలేదు. అత్త చెప్పింది చెప్పినట్టు కొట్టి పంపేసింది.

మూడేళ్ళవాడికి పట్టా ఎవరిస్తారు? అర్జీ నెట్‌లోనే తిరిగొచ్చింది. వానలకు స్తంభం పడి లైను లేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. లైను వచ్చేసరికి దిద్దుకోవడానికి ఒక్కరోజే గడువు మిగిలింది. నేను వెళ్ళి అరిచాను. "సాగుదారు మరణించాడని పెట్టి, భార్య పేరున పంపు. లేకపోతే తోట పోతుంది."

సూరమ్మ మనవణ్ణి చంకనెత్తుకుంది. "ఈడు సింహాద్రి కాడేటి బాబూ? సచ్చిపోయినాడని నానెలాగ సెప్తాను? తోట పోతే పోనీ, ఆ మాట నానొల్లను."

పిల్లాడు ఏడుస్తుంటే బయటికి తీసుకెళ్ళింది. గౌరీశ్వరి నా వైపు చూసింది. నేను గడియారం చూపించాను. ఆ పిల్ల పెదవి కొరుక్కుని, 'మరణించారు' అన్నచోట నొక్కి పంపేసింది. ఏమైందని సూరమ్మ అడిగితే, "నీ పేరున పెట్టినాను అత్తా" అంది. అందులో అబద్ధం లేదు. నిజం సగమే ఉంది.

ఏడాదికి పట్టా వచ్చింది. 'కీర్తిశేషులు సింహాద్రి భార్య సూరమ్మ' అని మొదటి వరసలోనే ఉంది. గౌరీశ్వరి చదవబోతే సూరమ్మ ఆపింది. "నువ్వు సదవొద్దే. నేర్సుకుని నానే సదువుతాను." కాగితాన్ని మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకుంది.

గౌరీశ్వరి ఇప్పుడు పలాసలో జీడిపప్పు వలిచే పనిలో ఉంది. లొద్దగూడలో గదికి తాళం. జీతం చాలక మానేసిందని అడిగినవాళ్ళకు చెబుతుంటాను. నేను చెప్పేది అబద్ధం.

పట్టా వచ్చిన ఆరు నెలలకు ఓ మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చి, "నన్ను మానిపించీయండి సారూ, ఆ గదికి తాళం ఎయ్యండి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంతమంది ఆడవాళ్ళు నీ మూలాన నాలుగు అక్షరాలు నేర్చుకుంటుంటే మధ్యలో వదిలేస్తావా అని, నోటికొచ్చినట్టు తిట్టాను. తలొంచుకుని అంతా వింది. తర్వాత చాలా మెల్లిగా అంది.

"మా అత్తకి గుణింతాలు వచ్చేసినాయి సారూ."